ముల్లు గీత మీదే ఉంది

విచారణకి ముందు రోజు సాయంత్రం మా ఇంట్లో అందరూ ఆయన కళ్ళ గురించే మాట్లాడారు. ఆయన అక్కడే ఉన్నారు. కిటికీ పక్క కుర్చీలో, ఇనప పట్టీలు వేసిన కాలు స్టూలు మీద చాపుకుని, ఎవరి కళ్ళ గురించో వింటున్నట్టు వింటున్నారు.

"వాడివి డేగ కళ్ళు," అంది మా అత్తగారు. "నాకు చత్వారం వచ్చాక సూదిలో దారం ఎక్కించిపెట్టింది ఎవరు? వాడే. దీపం కూడా వెయ్యనిచ్చేవాడు కాదు. అలాంటివాడు అంత లావు కర్ర వంగిందో లేదో చూడలేదంటే ఎవరైనా నమ్ముతారా?"

"కర్ర కాదు అత్తయ్యా, లీవరు," అన్నాడు అన్నయ్య. అన్నయ్యంటే మా ఆడపడుచు భర్త. లాయరు.

"మీకు లీవరు, నాకు కర్ర. వంగిందా లేదా, అంతేగా అల్లుడు గారూ?"

అన్నయ్య ఆవిణ్ణి వదిలేసి కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాడు. "బావా, రేపు ఒక్క మాట చెప్పు. గుర్తులేదు. అంతే. చూశానంటే అబద్ధాలకోరువవుతావు. చూడలేదంటే హంతకుడివవుతావు. గుర్తులేదంటే రోగివవుతావు. రోగి మీద ఎవరికీ కోపం ఉండదు."

"నాకు గుర్తుంది," అన్నారు ఆయన.

"అదే బావా మన రోగం."

అత్తగారు నవ్వబోయి, కొడుకు మొహం చూసి ఊరుకుంది.

జరిగినది చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. విమానం రెక్కల వెనక అంచుకి మడత రేకులుంటాయి. ఫ్లాప్స్ అంటారు. నేల మీంచి లేచే ముందు వాటిని కొంత కిందికి దించాలి. దించకపోతే విమానం ఎంత పరిగెత్తినా గాలి దాన్ని ఎత్తుకోదు. లీవరు వంచి వాటిని దించడం కో-పైలట్ పని. ఎంత దిగాయో ఒక అద్దం వెనక ముల్లు చూపిస్తుంది. ఆ తర్వాత అతను ఒక్కొక్క వస్తువు పేరూ పైకి చదువుతాడు. కెప్టెన్ ఆ వస్తువు వంక చూసి, అది ఎలా ఉందో పైకి చెప్పాలి. ఇద్దరు మనుషులున్నది అందుకే, ఒకరు మరిచినది ఇంకొకరికి కనపడాలని. ఆ రోజు కో-పైలట్ "ఫ్లాప్స్?" అన్నాడు. ఈయన "సెట్" అన్నారు, అంటే సరిగ్గా దిగి ఉన్నాయని. రెండు మాటలూ రికార్డులో ఉన్నాయి. విమానం రన్‌వే చివరిదాకా పరిగెత్తి, కొంచెం లేచి, ఒక పక్కకి ఒరిగి, ప్రహరీ అవతలి గోదాముల మీద పడింది. ఎక్కినవాళ్ళలో సగానికి పైగా పోయారు. కో-పైలట్ పోయాడు. ముందు భాగంలో ఎడమ పక్క నలగకుండా మిగిలింది. ఈయన ఆ పక్కన కూర్చున్నారు.

ఫ్లాప్స్ దించకుండా బయల్దేరితే మోగాల్సిన హారన్ ఒకటుంది. అది మోగలేదు. ఎందుకు మోగలేదో ఇంకో కమిటీ చూస్తోంది.

శిథిలాల్లో దొరికిన బ్లాక్ బాక్స్ పెట్టె ప్రకారం ఫ్లాప్స్ అసలు కదల్లేదు. సరిగ్గా దించే సమయానికి టవర్ నుంచి కబురొచ్చింది, రన్‌వే మార్చామని, త్వరగా కదలమని. కో-పైలట్ ఆ కబురులో పడి లీవరు సంగతి మరిచిపోయి ఉంటాడని కమిటీ అనుకుంటోంది. ఈయన మాత్రం ఆసుపత్రిలో నోరు తెరిచిన రోజు నుంచీ ఒకటే మాట. "చూశాను. లీవరు గాడిలో ఉంది. ముల్లు గీత మీదే ఉంది. గీత పక్కన అద్దం మీద చిన్న మరక కూడా ఉంది." ఆ అద్దం దొరికింది. మరక ఉంది.

కమిటీలో ఒక ఇంజనీరు ఆ మరకని పట్టుకున్నాడు. రెక్క దగ్గర్నుంచి పెట్టెకి వెళ్ళే తీగ తెగి ఉండొచ్చు, అప్పుడు పెట్టె అబద్ధం చెప్తుంది అన్నాడు. కెప్టెన్ తన మాట మీద నిలబడితే కాలిన రెక్క ముక్కల్ని మళ్ళీ విప్పి పరీక్షిద్దాం అన్నాడు. అందువల్ల ఆయన చూపు మీద ఇంకొకరి పరువు కూడా ఆధారపడింది. కో-పైలట్ తండ్రిది.

అతను ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. లారీ డ్రైవరుగా చేసి మానేసిన మనిషి. సోఫా అంచున, లేచిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద బరువుగా పెట్టుకున్నాడు. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"నేనూ బండి తోలినవాణ్ణేనమ్మా," అన్నాడు నాతో. ఆయనతో మాట్లాడటానికి జంకి నాతో మొదలుపెట్టాడు. "మావాడు నా ఒళ్ళో కూర్చుని స్టీరింగు పట్టుకున్నవాడు. మరిచిపోయే రకం కాదు. ఇంట్లోంచి బయల్దేరాక నేను తాళం వేశానా అని వెనక్కొచ్చేవాణ్ణి, వాడు రాడు. మా వీధిలో ఒకడు మొహం మీదే అన్నాడమ్మా, నీ కొడుకు గేరు వెయ్యడం మరిచిపోయి అంతమందిని చంపాడంటగా అని. నేనేం అంటాను? బాబు చూశానన్నారని చెప్పాను. ఆ మాటొక్కటే ఉంది మాకు."

తర్వాత ఆయన వైపు తిరిగాడు. "మాట మీద ఉంటారుగా బాబూ?"

"చూశాను. అదే చెప్తాను," అన్నారు ఆయన.

అతను అప్పుడు నీళ్ళు తాగాడు.

నేను పాఠ్యపుస్తకాల ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. అందుకని నాకు ఒక సంగతి తెలుసు. తెలియకపోతే బాగుండేది. తెలిసిన వాక్యంలో తప్పు కనపడదు. ఒకసారి పుస్తకం అట్ట మీద, బొటనవేలంత అక్షరాల్లో, పుస్తకం పేరే తప్పు పడింది. నలుగురం చూశాం, నలుగురం సంతకాలు పెట్టాం. మేం ఎవరమూ బద్ధకస్తులం కాదు. కన్ను కాగితాన్ని చేరేలోపే మనసు అక్కడ ఏముండాలో అది పరిచేస్తుంది. తర్వాత మనం చూసేది మనసు పరిచినదాన్ని. దాన్ని ఎంత శ్రద్ధగా చూసినా లాభం లేదు. శ్రద్ధ కొద్దీ అది ఇంకా స్పష్టంగా కనపడుతుంది.

ఆ మరక సంగతి విన్న రోజునే నాకు అనుమానం వచ్చింది. అది ఆయన ప్రతిరోజూ చూసే మరక. ముల్లు ప్రతిరోజూ ఉండే చోట ముల్లు. ఏదో నిన్నటి రోజుని తీసి మనసు ఆ ఉదయం మీద అతికించి ఉంటుంది. నేను ఇది ఆయనకి చెప్పలేదు. చెప్పకపోవడాన్ని ప్రేమ అనుకున్నాను. ఇప్పుడు ఆ పేరు మీద నాకు నమ్మకం లేదు. ఆయన అబద్ధం చెప్పడం లేదన్నది ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసునన్న గర్వం కూడా అందులో ఉంది.

మా ఇంట్లో ఒక అలవాటు ఉండేది. పెళ్ళైన కొత్తలో కొళాయి కట్టకుండా సినిమాకి వెళ్ళాం. తిరిగి వచ్చేసరికి నీళ్ళు కింది వాటాలోకి దిగి, ఆ ఇంటాయన పరుపు పడవైంది. అప్పటినుంచి ఇల్లు కదిలే ముందు నేను పేర్లు చదివేదాన్ని. ఆయన వెళ్ళి చూసి, వేలు చూపించి చెప్పేవారు. గ్యాస్? ఆఫ్. కొళాయి? కట్టేశాను. ఇస్త్రీ పెట్టె? తీసేశాను. వెనక తలుపు? గడియ. "మొగుడూ పెళ్ళాలు మంత్రాలు చదువుతున్నారు, పావుగంట ఆగి రండి," అని అత్తగారు వాకిట్లో చుట్టాలతో అనేది. ప్రమాదం తర్వాత మేం అది మానేశాం. ఎవరూ మానేద్దాం అనలేదు. అసలు ఇద్దరం కలిసి బయటికి కదలలేదు.

విచారణ రోజు పొద్దున ఆయన తెల్ల చొక్కా వేసుకుని, కర్ర పట్టుకుని, వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. భుజాల మీద పైలట్ పట్టీలు లేని చొక్కా. బహుశా అది ఆయనకి వెలితిగా అనిపించి ఉంటుంది.

"చదువు," అన్నారు.

"ఇప్పుడెందుకండీ, అత్తయ్య ఇంట్లోనే ఉంటారుగా."

"చదువు."

అత్తగారు కాపడం సంచీకోసం చిన్న పొయ్యి మీద నీళ్ళు పెట్టి స్నానానికి వెళ్ళింది. పొయ్యి వెలుగుతోంది. నేను చూశాను. ఆయన రాకముందే చూశాను. అత్తయ్య నీళ్ళు పెట్టిందండీ అని అనొచ్చు. పేర్లలో గ్యాస్ వదిలేసి కొళాయి దగ్గర మొదలుపెట్టొచ్చు. నేను అవేవీ చెయ్యలేదు. పరీక్ష పెట్టాలని అనుకోలేదు. అనుకోకుండా ఊరుకున్నాను, అంతే. మనసుకి కావాల్సినప్పుడు నోరు ఎలా ఆలస్యం చేస్తుందో నాకు తెలియని సంగతి కాదు.

"గ్యాస్?" అన్నాను.

ఆయన పొయ్యి వంక చూశారు. పైపైన కాదు. రెండు అడుగులు లోపలికి వచ్చి, తల కొంచెం వంచి, మంచి పైలట్ చూసినట్టు చూశారు. గిన్నె అడుగున నీలం మంట గుండ్రంగా ఉంది. నీళ్ళు సన్నగా చప్పుడు చేస్తున్నాయి. ఆయన చూపుడు వేలు చాపారు.

"ఆఫ్."

నా నోరు ఆగలేదు. కొళాయి అంది, ఇస్త్రీ పెట్టె అంది, వెనక తలుపు అంది. ఆయన ప్రతిదాని దగ్గరికీ వెళ్ళి చూసి చెప్పారు. అవన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయిపోయాక ఆయన మొహంలో చాలా కాలానికి ఒక తేట కనిపించింది. తన పని తాను చేసుకున్న మనిషి మొహం.

మేం లిఫ్టు దగ్గర ఉండగా అత్తగారు లోపలినుంచి అరుస్తోంది, "పొయ్యి కట్టకుండా వెళ్ళారే, గిన్నెడు నీళ్ళూ ఇగిరిపోయేవి!" ఆయనకి వినపడలేదు. లేకపోతే వినపడి, అది మాకు కాదనుకున్నారు.

కారు నేను నడిపాను. దారిలో బళ్ళు ఆగిపోయి ఉన్నాయి. ముందు ఉన్న సిమెంటు లారీ వెనక రేకులో మా కారు మొహం వంకరగా కనపడుతోంది.

"నువ్వు నన్ను నమ్ముతున్నావా?" అన్నారు.

"మీరు అబద్ధం చెప్పట్లేదని నమ్ముతున్నాను."

"నేను అడిగింది అది కాదు."

ఔనండీ అంటే సరిపోయేది. ఒక్క మాట. దానితో ఆయన లోపలికి వెళ్ళి, చూశానని చెప్పి, రెక్క ముక్కలు మళ్ళీ విప్పించి, లారీ డ్రైవరుకి ఇంకో ఏడాది నిద్ర ఇచ్చేవారు. కానీ ఆ తేట మొహం పక్క సీట్లో ఉంది. తనకి తెలియని గోతి వైపు అంత నమ్మకంగా నడిచే మనిషిని చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాలేదు. లేక అంతకాలం మోసిన గర్వం బరువైపోయి దించుకున్నానేమో.

"పొయ్యి వెలుగుతోందండీ," అన్నాను.

"ఏ పొయ్యి?"

"మీరు ఆఫ్ అన్నప్పుడు."

ఆయన నా వైపు తిరగలేదు. ఎదురుగా ఉన్న లారీనే చూస్తున్నారు.

"చిన్నదా, పెద్దదా?"

"చిన్నది. అత్తయ్య నీళ్ళు పెట్టారు."

"నేను అటే చూశానా?"

"అటే చూశారు. వేలు కూడా చూపించారు."

వెనక ఎవరో హారన్ కొట్టారు. లారీ కదిలింది. నేను గేరు మార్చాను.

"నాకు ఇప్పుడు కూడా ఆఫ్‌గానే కనిపిస్తోంది," అన్నారు ఆయన. "మీట అడ్డంగా ఉంది. గిన్నె ఉంది. గిన్నె కింద ఏమీ లేదు. చీకటి." అప్పుడు నా వైపు తిరిగి, "నువ్వు నిజంగా చూశావా?" అన్నారు.

"చూశాను."

"నేనూ అదే అంటున్నాను," అన్నారు.



విచారణ రెండో అంతస్తులో, తివాచీ పరిచిన పొడుగాటి గదిలో. ఏసీ మీద ఎవరో కాగితం ముక్క అతికించారు, అది గాలికి టపటప కొట్టుకుంటోంది. బల్ల మీద మైకులు, మూత తియ్యని నీళ్ళ సీసాలు. అధ్యక్షురాలు కళ్ళజోడు మీంచి చూసే పెద్దావిడ, మాటలో కోపం లేని మనిషి. కుటుంబాల కుర్చీల్లో మొదటి వరసలో లారీ డ్రైవరు. కొత్త చొక్కా వేసుకొచ్చాడు, మడతలు ఇంకా పోలేదు.

"ఫ్లాప్స్ అని అడిగినప్పుడు మీరు ఆ ముల్లు వంక చూశారా, కెప్టెన్?" అంది అధ్యక్షురాలు.

"చూశాను."

లారీ డ్రైవరు వీపు కుర్చీకి ఆనింది.

"ఎక్కడ ఉంది?"

"గీత మీదే ఉంది." ఆయన మైకు కాస్త జరుపుకున్నారు. "కానీ మేడమ్, ఇవాళ పొద్దున మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంటే, దాని ముందు నిలబడి, చూసి, ఆఫ్ అని చెప్పాను. అది కూడా నాకు ఇప్పుడు ఆఫ్‌గానే గుర్తుంది. ముల్లు ఎంత బాగా గుర్తుందో అదీ అంత బాగా గుర్తుంది. రెంటికీ తేడా నాకు తెలియడం లేదు."

టైపు చేస్తున్న అమ్మాయి తలెత్తింది. "పొయ్యి అని కొట్టమంటారా మేడమ్?"

వెనక వరసలో ఒకరిద్దరు నవ్వారు. నవ్వి భయపడ్డారు.

"అక్కర్లేదు. కెప్టెన్, మీ ఇంటి పొయ్యి ఈ విచారణలోకి రాదు. విమానం సంగతి చెప్పండి. వాంగ్మూలం వెనక్కి తీసుకుంటున్నారా?"

"చూశానన్నది వెనక్కి తీసుకోలేను. చూశాను గనక. దాన్ని నమ్మొద్దంటున్నాను."

"రెంట్లో ఏదో ఒకటి చెప్పాలి."

అన్నయ్య లేచి నిలబడ్డాడు. "మా క్లయింటు గుర్తులేదంటున్నారు మేడమ్."

"గుర్తుంది," అన్నారు ఆయన.

అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆవిడకి జాలేసింది. అంతకంటే ఘోరం ఏముంటుంది? "సాక్షి తన చూపు మీద ఆధారపడవద్దని కోరారు, అని కొట్టమ్మా," అంది. తీగ సంగతి ఎత్తిన ఇంజనీరు తన ముందున్న రెక్క బొమ్మల కాగితాలు సర్ది, అంచులు సమంగా చేసి, సంచీలో పెట్టేసుకున్నాడు. ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు. విచారణ ఇంకా చాలాసేపు జరిగింది. కానీ జరగాల్సింది అయిపోయింది.

బయట వరండాలో అన్నయ్య ఆయన మొహం చూడకుండా నాతో అన్నాడు, "నిజం చెప్పాలనుకున్నవాణ్ణి చూశాను, అబద్ధం చెప్పాలనుకున్నవాణ్ణి చూశాను. ఇలాంటి సాక్ష్యం నేను వినలేదు చెల్లెమ్మా." ఫోను చెవికి పెట్టుకుని అటు వెళ్ళిపోయాడు.

లారీ డ్రైవరు మా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఏంటి బాబూ, మొన్న చూశానన్నావు," అన్నాడు. కోపం వల్ల కాదు, అలిసిపోయి, 'మీరు' అని అనడం మరిచిపోయాడు. "ఇవాళ ఎవరు చెప్పారు నీకు?"

ఆయన కర్రని ఇంకో చేతిలోకి మార్చుకున్నారు.

"నేను చెప్పాను," అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. మా సోఫా మీద నీళ్ళు తాగిన మనిషి. "పొయ్యి వెలగడం నువ్వు చూశావా అమ్మా?"

"చూశాను."

"ఎప్పుడు? బాబు చెప్పాకా, ముందా?"

అంతసేపు విచారణలో ఎవరూ ఇంత సూటి ప్రశ్న వెయ్యలేదు.

"ముందే," అన్నాను.

"ముందే చూసి, చెప్పకుండా ఊరుకున్నావా?" అతని గొంతులో నింద కూడా లేదు. నిజంగా అర్థం కాలేదు. "లారీలో క్లీనరు ఉంటాడమ్మా. గొయ్యి కనపడితే అరుస్తాడు. డ్రైవరు చూస్తాడో లేదో చూద్దామని ఊరుకోడు."

నేను ఆయన వంక చూశాను. నా తరఫున ఒక మాట అంటారేమోనని. ఆయన గోడకి ఉన్న మంటలార్పే ఎర్ర సిలిండర్ని చూస్తున్నారు.

"మావాడు మరిచిపోయాడనే రాస్తారు ఇంక," అన్నాడు లారీ డ్రైవరు.

"ఇద్దరం అనే రాస్తారు," అన్నారు ఆయన మొదటిసారి.

"నువ్వున్నావుగా బాబూ చెప్పుకోడానికి," అన్నాడు అతను. చొక్కా జేబులోంచి ఏదో తియ్యబోయి మానేసి, మా ఇద్దరి మధ్యలోంచే నడిచి వెళ్ళిపోయాడు.

లిఫ్టు దగ్గర విలేకరులు ఉన్నారు. మేం మెట్ల వైపు వెళ్ళాం. వెడల్పాటి మెట్లు, పక్కన ఇనప కమ్మీ. ఎత్తైన కిటికీలోంచి ఎండ నేరుగా వాటి మీద పడుతోంది. కనపడకపోవడానికి ఏమీ లేదు. ఆయన పై మెట్టు అంచుదాకా వచ్చి ఆగిపోయారు. కర్ర ముందుకి చాపి, ఎక్కడా ఆనించకుండా గాల్లోనే పట్టుకున్నారు. కాలు నొప్పి అనుకున్నాను. చెయ్యి పట్టుకున్నాను. చూపు కిందికే ఉంది, తల కొంచెం వంచి, పొద్దున చూసినట్టే.

"మెట్లున్నాయా?" అన్నారు.

అడిగింది వేళాకోళానికి కాదని అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

"ఉన్నాయండీ," అన్నాను.

ఆయన కదల్లేదు. మా వెనక మనుషులు పోగవుతున్నారు. ఎవరో "కాస్త దారివ్వండి" అన్నారు. ఇంకెవరో ఆయన్ని గుర్తుపట్టి, గుసగుసగా పక్కవాళ్ళకి చెప్తున్నారు.

"చూసి చెప్పు," అన్నారు ఆయన.

నేను చూసే చెప్పాననుకున్నాను.